షోగన్ తొమ్మిదో ఎపిసోడ్: మరికో చావు మరికోదేనా, తొరనాగా లెక్కలో అంకెనా?

సిటీబస్సు_చదువరి

ముందే చెప్తున్నాను: సిరీస్ చివరిదాకా చూడనివాళ్ళు, నవల సగంలో ఆపినవాళ్ళు ఇక్కణ్ణుంచే వెనక్కి వెళ్ళిపోండి. నేనేమీ దాచను.

జేమ్స్ క్లావెల్ 1975లో రాసిన 'షోగన్' నాకు జగదాంబ దగ్గర ఓ పాత పుస్తకాల బండి మీద దొరికింది. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలూ లేవు, అయినా ఆయన బేరమాడనివ్వలేదు. వెయ్యి పేజీల పైమాటే. గాజువాక నుంచి ఆఫీసుకొచ్చే సిటీబస్సులో ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో ఆ ఇటుకరాయి. మూడు నెలలు పట్టింది. రెండుసార్లు స్టాపు దాటిపోయాను. అందులో ఒకటి మరికో చచ్చిపోయే చోటే.

కాబట్టి 2024 సిరీస్ తొమ్మిదో ఎపిసోడ్ మీద గొడవపడే హక్కు నాకు అందరికంటే కాస్త ఎక్కువే ఉందనుకుంటున్నాను. నవ్వకండి.

చూసి మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. చోటు జపాన్, ఏడాది 1600. పోయిన ఏలిక వారసుడైన చిన్నపిల్లాడి పేరు చెప్పి ఇషిడో అనే ప్రభువు ఒసాకా కోటని గుప్పెట్లో పెట్టుకున్నాడు. పెద్ద పెద్ద ప్రభువుల పెళ్ళాంపిల్లలంతా ఆ కోటలో 'అతిథులు'. అన్నం పెడతారు, గడప దాటనివ్వరు. ఇషిడోకి ఎదురు నిలిచిన ప్రభువు తొరనాగా పంపగా, ఆయన కొలువులో దుబాసీ అయిన మరికో అక్కడికెళ్ళి, మా దొర ఇంటి ఆడవాళ్ళని వెంటబెట్టుకుని బయల్దేరుతున్నానంటుంది. వాకిట్లో అడ్డుకుంటారు. వెంట ఉన్న మనుషులు కళ్ళముందే కూలిపోతారు. తనే ఆయుధం అందుకుని ముందుకు నడుస్తుంది, సాగదు. దొర ఆజ్ఞ నెరవేర్చలేకపోయాను గనక పొద్దుగూకేసరికి ప్రాణం తీసుకుంటానని అందరి ముందూ ప్రకటిస్తుంది. ఆఖరి నిమిషంలో ఇషిడో అనుమతి చీటీలు ఇస్తాడు. ఒకరికి ఇచ్చాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఆ రాత్రే హంతకుల్ని దింపుతారు. వాళ్ళకి లోపల్నుంచి దారి ఇచ్చింది తొరనాగా కింద ప్రభువు యబుషిగె. అవతల పేలుడుమందు పెట్టారని తెలిసీ ఆ తలుపుని ఆనుకుని నిలబడి మరికో చనిపోతుంది.

నిన్న రాత్రి మూడోసారి చూశాను, మూడోసారీ ఏడ్చాను. నా గొడవ ఎపిసోడ్‌తో కాదు, దాని పేరుతో. పుస్తకంలో 'క్రిమ్సన్ స్కై' అంటే క్యోటో మీద సేనలతో చేసే మెరుపుదాడి, ఒక యుద్ధపథకం. సిరీస్‌లో ఆ పేరు తెచ్చి మరికో చావుకి తగిలించారు. ఆఖరి ఎపిసోడ్‌లో తొరనాగా యబుషిగెతో, ఆ దాడి ఎప్పుడో అయిపోయింది, సైన్యం చెయ్యలేని పనికి ఒక ఆడమనిషిని పంపానన్నట్టు మాట్లాడతాడు. తొమ్మిదో ఎపిసోడంతా ఆమె నడకే అనుకున్నాం కదా? పదో ఎపిసోడ్‌లో రసీదు ఆయన పేరు మీద కొట్టేశారు.

మీరేమంటారు?

సబ్‌టైటిల్_బాబ్జీ

అక్కా, నేను పుస్తకం చదవలేదు. చదవను కూడా. వెయ్యి పేజీలంటే నాకు జ్వరం వస్తుంది. కానీ తలుపు దగ్గర ఆమె ఏ పేరు చెప్పుకుందో గమనించారా? మొగుడింటి పేరు తొడా కాదు. ఆకెచి మరికో. ప్రభువుని చంపిన ద్రోహి అని అందరూ ఉమ్మేసిన తండ్రి ఇంటిపేరు. ఆ పేరుతో చావమని తొరనాగా చెప్పాడా? ఆయన పంపింది తొడావారి కోడల్ని. పోయింది ఆకెచివారి కూతురు.

ఇంకోటి, ఈ ఒక్క ఎపిసోడ్‌కే దర్శకుడు ఫ్రెడరిక్ టోయ్‌కి అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది. మరికో వేసిన ఆనా సవాయికీ వచ్చింది. సిరీస్ మొత్తానికి ఆ ఏడాది 18. ఊరికే ఇస్తారా?

సిటీబస్సు_చదువరి

అవార్డులు చూపించి నోరు మూయించకు తమ్ముడూ. ఇంటిపేరు సంగతి మాత్రం బావుంది. అది నాకు తట్టలేదు.

లంగరు_మాస్టారు

అమ్మా, నేను ఓడల్లో ముప్ఫయ్యేళ్ళు తిరిగినోణ్ణి. ఆ పుస్తకం మా ఓడలో చేతులు మారి మారి నలిగిపోయి ఉండీది. 1980లో అమెరికావోళ్ళు తీసిన పాత సీరియలూ వీడియో క్యాసెట్ల మీద చూసీసేను. తొషిరో మిఫునే తొరనాగా. ఆయన ఊరికే నిలబడితే చాలు, గదంతా నిండిపోద్ది. అందులోన జపాన్ మాటలకి కింద అర్థాలుండవు. కథలో ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఇంగ్లీషు నావికుడు బ్లాక్‌థార్న్‌కి ఎంత బోధపడితే మనకీ అంతే.

ఇప్పుడు మీ రసీదు సంగతికొస్తాను. పుస్తకం ఆఖర్న ఏటుందో ఓసారి గుర్తు చేసుకోండి. తొరనాగా ఒక్కడే తనలో తాను అన్నీ ఒప్పుకుంటాడు. బ్లాక్‌థార్న్ ఓడని తగలెట్టించింది తనే. మళ్ళీ కట్టుకుంటే మళ్ళీ తగలెట్టిస్తాడు. మరికోని ఏం జరుగుద్దో తెలిసే పంపేడు. మరి క్లావెల్ రసీదు ఎవరి పేరు మీద రాసినట్టు? సీరియల్ వోళ్ళు కొత్తగా చేసిందేటీ లేదు.

నా బాధ వేరే. బ్లాక్‌థార్న్‌ని అందరూ పిలిచీ 'ఆంజిన్' అంటే ఓడకి దారి చూపీవోడు. మన పోర్టులోన డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఓడని ఛానెల్లోకి తెచ్చీ పైలటు ఉంటాడే, ఆడికి తాతన్నమాట. ఆ రోజుల్లోన సముద్రం దారులు రాసుకున్న పొత్తం పోతే ప్రాణం పోయినట్టే. నిజం ఓడ పేరు లీఫ్దే. 1598లో రోటర్‌డామ్ నుంచి అయిదు ఓడలు బయల్దేరితే జపాన్ ఒడ్డుకి చేరింది అదొక్కటే, 1600 ఏప్రిల్లోన, రెండు డజన్ల మందితో. ఆళ్ళలో నిలబడగలిగినోళ్ళు ఎంతమందో! ఆ ఓడని తెచ్చిన విలియమ్ ఆడమ్స్ అనే ఇంగ్లీషాయనే మన బ్లాక్‌థార్న్. 1620లో జపాన్‌లోనే పోయేడు. అంతటోణ్ణి కొత్త సిరీస్‌లోన పక్కన నిలబెట్టి కళ్ళు మిటకరించమన్నారు.

సిటీబస్సు_చదువరి

మాస్టారూ, దొరికిపోయాను. ఆఖరి పేజీల సంగతి మీరన్నది నిజమే. కాకపోతే ఒక్క తేడా ఉంది. పుస్తకంలో తొరనాగా ఆ మాట ఎవరికీ చెప్పడు. తనలో తానే అనుకుంటాడు. అది గర్వమో, దుఃఖమో, తనకి తాను చెప్పుకునే సాకో తేల్చుకోవడం మన పని. నేనైతే సాకు అనుకున్నాను. సిరీస్‌లో నోటితో చెప్పించారు. నోటితో చెప్పాక ఇంక అనుమానానికి చోటేదీ?

సబ్‌టైటిల్_బాబ్జీ

చెప్పింది ఎవరికక్కా? ఇంకాసేపట్లో పొట్ట చీల్చుకుని పోయే యబుషిగెకి. గోడకి చెప్పినట్టే.

సిటీబస్సు_చదువరి

సరే, అదే సీన్లో యబుషిగె తర్వాత ఏం జరగబోతోందో చెప్పమంటే, చచ్చేవాడికి భవిష్యత్తు ఎందుకంటాడుగా తొరనాగా? చచ్చేవాడికి భవిష్యత్తు అక్కర్లేనప్పుడు గతం మాత్రం ఎందుకు చెప్పాలి? గొప్ప చెప్పుకోవడానికి కాకపోతే?

సబ్‌టైటిల్_బాబ్జీ

…ఇది కొంచెం తగిలింది. టీ తాగి వస్తాను.

ఎంవీపీ_మేడమీద

మీరంతా పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు. నాకు నచ్చనిది చిన్నది. ఆమె చావడానికి కూర్చున్నప్పుడు బ్లాక్‌థార్న్ కత్తి పట్టుకుని పక్కకొచ్చి నిలబడతాడే, అది ప్రేమకథ కోసం కలిపిన మసాలా కాదూ?

సిటీబస్సు_చదువరి

కాదండీ, అక్కడ మాత్రం సిరీస్ తరఫునే మాట్లాడతాను. ఆమె క్రైస్తవురాలు, తన చేత్తో తాను చావడం పాపం. అందుకని ఇంకొకరు వేటు వెయ్యాలి. ఆ పనికి సాటి క్రైస్తవుడైన కియామాని అడుగుతుంది. వస్తానన్న మనిషి రాడు. పాపం తన మీద వేసుకోవడానికి ముందుకొచ్చింది ఆమె మతంవాళ్ళెవరూ కాదు, ఆ పాదిరీలంతా మతద్రోహి అనే ఈ పరాయివాడు. అతను చేతులు పట్టుకుని ఏడవడు, వద్దని బతిమాలడు. కత్తి పట్టుకుని నిలబడతాడు, అంతే. నాకైతే మొత్తం సిరీస్‌లో వాళ్ళిద్దరి మధ్య అంత దగ్గరతనం ఇంకెక్కడా కనిపించలేదు.

బొబ్బిలి_మనవరాలు

నిన్నట్నుంచీ చదువుతున్నాను. ఎవరూ అసలావిడ దగ్గరికి వెళ్ళరేం?

మరికోకి మూలం హొసొకావా గ్రాషియా. పుట్టింటి పేరు తామా, పుట్టింది 1563లో. తండ్రి ఆకెచి మిత్సుహిదె 1582లో క్యోటోలోని హొన్నోజి గుడిలో తన ప్రభువు ఓదా నొబునాగా మీద తిరగబడ్డాడు. రెండు వారాలు తిరక్కుండా తనూ పోయాడు. ద్రోహి కూతురని భర్త తదాఒకి ఆవిణ్ణి కొండల్లో దాచి ఉంచాడు. 1587లో ఆవిడ క్రైస్తవం పుచ్చుకుంది. 1600 ఆగస్టులో ఇషిదా మిత్సునారి (కథలో ఇషిడో) ఒసాకాలో ఆవిణ్ణి బందీగా పట్టుకోవాలని మనుషుల్ని పంపాడు. అప్పటికి భర్త ఇయెయాసు (కథలో తొరనాగా) వెంట దండయాత్రలో ఉన్నాడు. ఇంటి మానం పోయే పరిస్థితి వస్తే భార్యని చంపెయ్యమని కొలువువాళ్ళకి ముందే చెప్పి వెళ్ళాడంటారు. ఆత్మహత్య కూడదు గనక ఒగసవారా షోసాయ్ అనే ఇంటి కొలువుకాడి చేత ఆవిడ ప్రాణం పోయింది. ఆయన ఇంటికి నిప్పు పెట్టించి తనూ చచ్చిపోయాడు.

ఇది చదివినప్పుడు నాకు జపాన్ గుర్తురాలేదు. మా బొబ్బిలే గుర్తొచ్చింది. 1757 జనవరి 24. బయట ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు సేన. కోట ఇంక నిలవదని తెలిశాక లోపలున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపేశారు. చిన్నప్పుడు బుర్రకథలో ఆ ఘట్టం వచ్చేసరికి మా నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ వెంటనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరే చోట మగాళ్ళంతా ఈలలు. లోపల ఆడవాళ్ళని ఎవరైనా అడిగారా అన్నది నా సందేహం. అడిగితే నాయనమ్మ కసిరేది. రాణి మల్లమ్మ పేరు తప్ప ఆ గదుల్లో పోయినవాళ్ళలో ఇంకొకరి పేరు పాడిన కథకుణ్ణి నేను వినలేదు.

అక్కా, అందుకే మీ రసీదు గొడవ నాకు కొంచెం ముద్దుగా ఉంది. చరిత్రలో ఆ రసీదు మొగుడి పేరు మీద ఉంది. క్లావెల్ చేసిన పెద్ద పనల్లా ఆవిణ్ణి కాలిపోయే ఇంట్లోంచి లేపి కోటవాకిట్లోకి, నలుగురి మధ్యకి తెచ్చి నిలబెట్టడం. సిరీస్ దాన్ని చెడగొట్టలేదు. ఇంకో మెట్టు ఎక్కించింది కూడా. గ్రాషియా పోయేముందు చెప్పిందనే పద్యం ఒకటుంది: రాలాల్సిన వేళ తెలిసినప్పుడే పువ్వు పువ్వు, మనిషి మనిషి అని దాని భావం. ఆఖరి ఎపిసోడ్‌లో మరికో సగంలో వదిలిన పద్యాన్ని వారసుడి తల్లి ఒచిబా రాలే పూల మాటతోనే పూర్తి చేస్తుంది చూడండి. వారసుడి సేన యుద్ధంలోకి రాదని ఉత్తరం రాసిందీ ఆవిడే. తొరనాగా గెలుపు ఆ ఉత్తరంలో ఉంది. చిన్నప్పుడు కలిసి పెరిగిన స్నేహితురాలు చచ్చిపోతే మనసు మారిన ఆడమనిషి రాసిన ఉత్తరం. లెక్క వేసింది ఆయనే కావచ్చు. కలిసొచ్చింది మాత్రం వీళ్ళిద్దరి మధ్య ఉన్నదాంతో.

రెండు_ముక్కల్లో

ఒక సిరీస్‌కి ఇంత పంచాయితీ అవసరమా?

లంగరు_మాస్టారు

అవసరం లేదు బాబూ. రిటైరయ్యేం. నీకేటి నష్టం?

సిటీబస్సు_చదువరి

బొబ్బిలి అమ్మాయ్, నువ్వు రాసింది చదివి రాత్రి మళ్ళీ పదో ఎపిసోడ్ పెట్టాను. ఒచిబా పద్యం దగ్గర ఆపి రెండుసార్లు విన్నాను. నిజమే, మొదటిసారి చూసినప్పుడు తొరనాగా గెలిచే సెకిగహారా యుద్ధం చూపిస్తారేమోనని ఎదురుచూస్తూ ఆ పద్యాన్ని వదిలేశాను. పుస్తకంలో యుద్ధం నాలుగు వాక్యాల్లో తేల్చేశాడని తెలిసీ ఎదురుచూశాను చూడు, నా అంత తెలివైనదాన్ని నేనే.

కానీ ఒక్కటి ఒప్పుకోను. నువ్వు చెప్పినదంతా ఒచిబా ఉత్తరంలోనే ఉందన్నప్పుడు, తొరనాగా నోట ఆ మాట ఇంకెందుకు? ఆ రెండు వాక్యాలు కత్తిరించి చూడు. ఉత్తరం ఉంటుంది, పద్యం ఉంటుంది, తొరనాగా మొహం ఉంటుంది. ఆ పాత్ర వేసిన సనదా హిరొయుకి ఆ మొహంతోనే అంతా చెప్పగలడు. లెక్క ఆయనదేనా అని మనం ఇంకో యాభై పోస్టులు కొట్టుకుని ఉండేవాళ్ళం. ఆ కొట్టుకునే సుఖం పుస్తకం ఇచ్చింది, సిరీస్ లాక్కుంది.

బొబ్బిలి_మనవరాలు

రెండు వాక్యాలేనా? అయితే మీరు సిరీస్ అభిమానే. ఒప్పేసుకోండి.

సబ్‌టైటిల్_బాబ్జీ

టీ తాగి వచ్చాను. అక్కా, ఆ ఆఖరి పేజీలు ఒక్కటీ ఫొటో తీసి పెడతారా? తొరనాగా తనలో తాను ఏమనుకున్నాడో చూడాలి.

సిటీబస్సు_చదువరి

పెట్టను. మొత్తం చదివితేనే ఆఖరి పేజీలు. కావాలంటే పుస్తకమే ఇస్తాను. అట్ట లేదు, జాగ్రత్త. మొదటి నాలుగు పేజీలు లేవని చెప్పానుగా, కథ మధ్యలోంచి మొదలవుతుంది.

సబ్‌టైటిల్_బాబ్జీ

ఆదివారం భీమిలి వస్తారా? అక్కడ డచ్చివాళ్ళ పాత సమాధులున్నాయి కదా, పుస్తకం అక్కడ తీసుకుంటే బావుంటుంది. ఆ ఓడ కూడా డచ్చి ఓడేగా.

లంగరు_మాస్టారు

నేనూ వస్తాను. ఆ నాలుగు పేజీల గురించి బెంగెట్టుకోకు బాబూ. అందులోన ఉండీది తుఫానూ, ఓడా, ఆకలితో చచ్చిపోతన్న మనుషులూను. అది నేను చెప్తాను.