పని మధ్యలో బిగుసుకుపోయే ల్యాప్‌టాప్: ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు
ఆరేళ్ల నాటి ల్యాప్‌టాప్, విండోస్ 10. నెల రోజులుగా పనిలో ఉండగానే తెర బిగుసుకుపోతోంది. మౌసు కదలదు. పాట వింటుంటే ఒకే ముక్క బర్రుమని మోగుతూ ఉండిపోతుంది. పవర్ బటన్ నొక్కిపట్టడం తప్ప దారి లేదు. ఒక్కోసారి నీలం తెర వచ్చి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. రెండుసార్లు ఫార్మాట్ చేయించినా అదే వరస. షాపులో మదర్‌బోర్డు పోయిందంటున్నారు.

వేపచెట్టు
తెరిచి చూడకుండానే మదర్‌బోర్డు అన్నారంటే నమ్మకండి. నీలం తెర వచ్చినప్పుడు అడుగున ఉండే కోడ్‌ను ఫోనుతో ఫోటో తీయండి. విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ (జరిగిన ఘటనల చిట్టా) కూడా చూడండి. అందులో కెర్నల్-పవర్ 41 అనే నమోదు కనిపిస్తే కంగారు వద్దు. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పదు. ఆ అంకెను పట్టుకుని నేను అనవసరంగా కొత్త ఛార్జర్ కొన్నాను.

రాత్రిబడి
నాది వేడి వల్ల ఆగేది. పరుపు మీద పెట్టుకుని పనిచేసే అలవాటు. విప్పి చూస్తే ఫ్యాన్‌కూ గాలి బయటకు పోయే రేకులకూ మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. దాన్ని తీసి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ (వేడిని బయటకు లాగడానికి పూసే ముద్ద) మార్చాక 97 డిగ్రీలు 74కి దిగింది.

గోదారిగట్టు
వేడి 68 దాటలేదు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో డిస్క్ బాగానే ఉందని చూపిస్తోంది. ఫోటోలు మూడు తీశాను, మూడింటిలో మూడు వేర్వేరు కోడ్‌లు. ఒకటి మాత్రం మెమరీ మేనేజ్‌మెంట్.

కొత్తవాడు
విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కదా, 11 వేసుకుంటే సరిపోతుందేమో?

అరుగు
ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడే మెమరీ) చెడిపోతే ఏ విండోస్ వేసినా కూలుతుంది. కోడ్ ప్రతిసారీ మారుతోందంటే నా అనుమానం దాని మీదే. గోదారిగట్టు గారూ, ఈ మధ్య ర్యామ్ ఏమైనా మార్చారా?

గోదారిగట్టు
అయ్యో, చెప్పడం మరిచాను. పాత 4 జీబీకి తోడుగా 8 జీబీ ముక్క ఒకటి వేయించాను. నెల దాటింది.

అరుగు
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు! ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసుకోండి. తర్వాత ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, కొత్త ముక్క తొలగించి పాతదానితో రెండు రోజులు నడపండి. విండోస్‌లో ఉండే మెమరీ పరీక్ష కొన్ని లోపాలను పట్టుకోలేదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో వేసి, దానితో ల్యాప్‌టాప్ స్టార్ట్ చేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క తప్పు చూపినా ఆ ముక్కను నమ్మకూడదు.

వేపచెట్టు
విప్పినప్పుడు బ్యాటరీ ఉబ్బిందేమో కూడా చూడండి. ఉబ్బి ఉంటే గుచ్చడం, నొక్కడం చేయకుండా సర్వీసు వాళ్లకు అప్పగించండి.

గోదారిగట్టు
బ్యాటరీ బాగుంది. పాత ముక్కతో మూడు రోజులు ఒక్కసారీ ఆగలేదు. కొత్తది ఒక్కటే పెట్టి పరీక్షిస్తే పావుగంటలోనే తప్పులు చూపే ఎర్ర గీతలు మొదలయ్యాయి. అయితే ఇంకో అనుమానం: లోపం ముక్కదా, దాన్ని గుచ్చే స్లాట్‌దా?

అరుగు
పాత ముక్కను కొత్తది ఉన్న స్లాట్‌లో పెట్టి మళ్లీ పరీక్షించండి. తప్పులు రాకపోతే స్లాట్ బాగున్నట్టే. బిల్లు ఉంటే ముక్క తిరిగి ఇచ్చేయండి, చాలా ర్యామ్‌లకు ఏళ్ల తరబడి వారంటీ ఉంటుంది.

గోదారిగట్టు
రాత్రంతా నడిపాను, ఒక్క తప్పూ లేదు. ఇక బిల్లు వెతకాలి.