మొదటి రోబోకి డై కాస్టింగ్ పనే ఎందుకు?

డిప్లొమా ఫైనల్: సెమినార్‌కి ఇండస్ట్రియల్ రోబోల చరిత్ర తీసుకున్నాను. 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ప్లాంట్‌లో యూనిమేట్ అనే మొదటి ఇండస్ట్రియల్ రోబోని పెట్టారని అన్నిచోట్లా ఉంది. కార్ల కంపెనీలో రోబో అంటే వెల్డింగ్ కదా గుర్తొచ్చేది! మరి దాన్ని డై కాస్టింగ్ మెషిన్ (కరిగిన లోహాన్ని డై అనే అచ్చులోకి పోసి ముక్కలు తయారుచేసేది) దగ్గర ఎందుకు పెట్టారు? మా సర్ "ప్రమాదకరమైన పని కాబట్టి" అని రాసెయ్యమన్నారు. అంతేనా?

డైషాప్ మూర్తి: సగం కరెక్ట్ బాబూ. బాలానగర్‌లో ప్రెషర్ డై కాస్టింగ్ షాపులో ఏళ్ల తరబడి చేశాను. డై తెరుచుకోగానే పటకారుతో కాలుతున్న ముక్కను బయటికి లాగాలి. డై మీద స్ప్రే కొడితే లేచే పొగంతా మొహానికే. ఎండాకాలం ఆ మెషిన్ మీద డ్యూటీ పడితే కుర్రాళ్లు సెలవు పెట్టేసేవారు.

కానీ ప్రమాదకరమైన పనులు ఫ్యాక్టరీలో బోలెడు. వాటిలో దీన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, డై ఎన్నిసార్లు తెరిచినా ముక్క అదే చోట, అదే వాటంలో ఉంటుంది. యూనిమేట్‌కి కళ్లు లేవు. చేతిని ఎక్కడెక్కడికి వెళ్లాలో ఒకసారి నడిపించి చూపిస్తే, ఆ స్థానాలు మాగ్నెటిక్ డ్రమ్ మీద రికార్డవుతాయి. ఆ తర్వాత డై తెరుచుకుందని సిగ్నల్ వస్తే చాలు, ముక్కను పట్టుకుని తీసి బయట పెడుతుంది. ముక్కలు గంపలో చిందరవందరగా పడి ఉంటే దానివల్ల అయ్యేది కాదు. 1954లో దీన్ని కనిపెట్టిన జార్జ్ డెవోల్ పేటెంటుకు దరఖాస్తు పెట్టిందే వస్తువును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే యంత్రానికి.

స్పాట్ గన్: వెల్డింగ్ కూడా ఎంతో ఆలస్యం కాలేదు. 1969కల్లా జనరల్ మోటార్స్ వాళ్లే ఒహాయోలోని లార్డ్స్‌టౌన్‌లో కారు బాడీల స్పాట్ వెల్డింగ్‌కి యూనిమేట్లు దింపారు. అక్కడా సూత్రం అదే, బాడీని ప్రతిసారీ ఒకే చోట ఆపాలి. జపాన్‌లో కవాసాకి లైసెన్స్ తీసుకుని తయారీ మొదలెట్టిందీ ఆ ఏడే.

డిప్లొమా ఫైనల్: థాంక్స్ అండీ. మరి యూనిమేట్ తయారుచేసిన కంపెనీకి లాభాలొచ్చాయా?

డైషాప్ మూర్తి: ఎక్కడ! మొదటిదాన్ని చెయ్యడానికి 65,000 డాలర్లయితే అమ్మింది 18,000కి అంటారు. ఆ కంపెనీ యూనిమేషన్‌ని నడిపిన జోసెఫ్ ఎంగెల్‌బర్గర్ ఓపిక అలాంటిది. 1975 దాకా లాభం మొహం చూడలేదు. పైగా యూనిమేట్ హైడ్రాలిక్ మెషిన్, అంటే ఆయిల్ ఒత్తిడితో నడిచేది. ఆయిల్ లీకులతో వేగిన మాలాంటి వాళ్లకి తెలుసు ఆ బాధేంటో. స్వీడన్‌లో ASEA అనే కంపెనీ మైక్రోప్రాసెసర్‌తో నడిచే ఎలక్ట్రిక్ రోబో తెచ్చింది 1974లో. సెమినార్‌లో ఇది మాత్రం వదిలెయ్యకు.