సీటీడీ డెక్ మీదికొచ్చాక ఏ నీళ్లు ముందు పట్టాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఓషనోగ్రఫీ చదువుతున్నా. బంగాళాఖాతంలో మొదటి క్రూజ్, రాత్రి వాచ్. సీటీడీ (నీటి లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే పరికరం) ఉన్న రోజెట్ చట్రానికి 12 నిస్కిన్ బాటిళ్లు (కోరిన లోతున మూసుకుని నీళ్లు పట్టేవి). కరిగిన ఆక్సిజన్, లవణీయత, పోషకాలు (నైట్రేట్, ఫాస్ఫేట్ వంటివి) కొలవడానికి నీళ్లు పట్టాలి. కొత్తవాళ్లు ఎక్కడ పాడుచేస్తారో చెప్పండి.

జవాబు: ఆక్సిజనే ముందు తమ్ముడూ. నిస్కిన్ పైన గాలిమర విప్పగానే లోపలి నీటికి గాలి తగలడం మొదలవుతుంది. మర విప్పకముందే ఓసారి కుళాయి తెరిచి చూడు. నీళ్లు ఆగకుండా కారితే పైమూత సరిగ్గా పడలేదు. ఆ బాటిల్ నంబరు లాగ్‌షీట్‌లో వెంటనే రాసెయ్.

తర్వాత సన్న గొట్టాన్ని గాజుసీసా అడుగుకి తాకించి, గొట్టంలో బుడగలు లేకుండా నింపు. సీసా నిండటానికి 5 సెకన్లు పడితే ఇంకో 15 సెకన్లు పొర్లనివ్వు. గొట్టం నెమ్మదిగా పైకి లాగాక, ఆక్సిజన్‌ని అవక్షేపంగా పట్టి ఉంచే మాంగనీస్, ఆపైన ఆల్కలీ అయొడైడ్ ద్రావణాలు పొయ్యి. మన 125 మి.లీ. సీసాలకి ఒక్కోటి 1 మి.లీ., పిపెట్ మొన నీటిలో మునగాలి. మూత కాస్త వాలుగా పెట్టి బుడగ చిక్కకుండా బిగించు, 20 సార్లు తలకిందులు చెయ్యి. అవక్షేపం సగం దిగాక మళ్లీ కలుపు. సీసా మెడ చుట్టూ నీళ్లు నింపి చీకట్లో ఉంచు.

ఇంకొకరు: లవణీయత సీసాని ఆ నీటితోనే మూడుసార్లు కడిగి, భుజం దాకా నింపి, మెడ పొడిగా తుడవాలి. అక్కడ ఎండిన ఉప్పు లోపల పడితే రీడింగ్ పెరుగుతుంది. పోషకాల సీసాలూ మూడుసార్లు కడగాలి, చేతికి తొడుగులుండాలి. ఫ్రీజర్లో పెట్టేవైతే పావువంతు ఖాళీ వదలండి, లేకపోతే గడ్డకట్టాక పగులుతాయి.

ప్రశ్న: 300 మీటర్ల లోతు నీళ్ల ఆక్సిజన్ సీసాలో అవక్షేపం తెల్లగా వస్తే పోసిన ద్రావణాలు పాడైనట్టా?

జవాబు: కాదు, బంగాళాఖాతంలో ఆ లోతున రావలసింది అదే. సుమారు 100 మీటర్ల కింద నుంచి కొన్ని వందల మీటర్ల దాకా ఆక్సిజన్ చాలా తక్కువ, అందుకే మాంగనీస్ గోధుమరంగుకి మారదు. పైనీటిలో ఒక చిన్న బుడగ చేసే తేడా తక్కువే కానీ, ఇక్కడ అదే బుడగ లెక్కంతా తలకిందులు చేస్తుంది.

అక్కడ గోధుమరంగు వచ్చిందంటే అనుమానించాలి. తప్పు నీదో నిస్కిన్‌దో తేల్చడానికి అదే బాటిల్ లవణీయతని సీటీడీ సెన్సర్ విలువతో పోల్చు. గంగ, గోదావరి, కృష్ణల మంచినీటి వల్ల ఇక్కడ పైనీరు ఉప్పు తక్కువ. కాబట్టి లవణీయత కూడా తగ్గి ఉంటే నిస్కిన్ కారింది, లేదా పైన ఎక్కడో మూసుకుంది. సెన్సర్‌తో సరిపోతే గాలి నీ సీసాలోనే చేరింది. నిస్కిన్‌లో నీళ్లు మిగిలున్నా అప్పటికి గాలి తగిలి ఉంటుంది, రెండోసారి పట్టి లాభం లేదు. అందుకే ఆ లోతుల్లో మొదటే రెండేసి సీసాలు పట్టు.