నల్ల తమ్ముడా, నల్ల అన్నా?

రెండు రోజులుగా ఒక పాదం నన్ను వదలడం లేదు. అమెరికా నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రాసిన ‘ఐ, టూ’ కవితకు ఎవరో చేసిన తెలుగు. డిగ్రీ రోజుల్లో నోట్సు అట్ట మీద రాసుకున్నాను. "నేనూ అమెరికాను పాడతాను, నేను నల్ల..." దాకా ఉంది, ఆ తర్వాత చిరుగు. మిగిలిన ముక్కలో ఒక ఒత్తు కనిపిస్తోంది. ‘తమ్ముణ్ణి’లోని ణ ఒత్తా, ‘అన్నను’లోని న ఒత్తా? ఎవరికైనా గుర్తుందా?

—

ణ ఒత్తే. ఆ కవితలో చుట్టాలొస్తే అతన్ని వంటింట్లోకి పొమ్మంటారు. అక్కడే నవ్వుకుంటూ కడుపునిండా తిని, బలం పుంజుకుని, రేపు బల్ల దగ్గరే కూర్చుంటానంటాడు. ఎదగబోయేవాడు తమ్ముడే కదా! అన్నను లోపలికి పొమ్మనే ఇల్లు ఎక్కడుంది?

—

ఒప్పుకోను. ఆఫ్రికన్లను బంధించి తెచ్చిన ఓడ వర్జీనియా తీరం చేరింది 1619లో. ఇంగ్లండ్ నుంచి తెల్లవాళ్ళు వలస వచ్చిన మేఫ్లవర్ ఓడ చేరింది 1620లో. ముందొచ్చినవాడు అన్న. అన్ననే వంటింట్లోకి తోశారు, బాధంతా అక్కడుంది.

—

అలా లెక్కపెడితే వర్జీనియాలో ఇంగ్లీషువాళ్ళు కట్టుకున్న జేమ్స్‌టౌన్ 1607 నాటిది, మళ్ళీ తమ్ముడే అవుతాడు. తేదీలతో వరసలు తేలవు మాస్టారూ. మూలంలో ఉన్న ‘బ్రదర్’లో వయసు లేదు. ‘తోబుట్టువు’ అంటే సరిపోతుంది.

—

మా వైపు తోబుట్టువు అంటే అక్కో చెల్లెలో. మగవాడికి ‘తోడబుట్టినవాడు’ అనాలి, అప్పుడు పాదం సాగిపోతుంది. నేనైతే ‘దాయాది’ అంటాను. దాయం అంటే వారసత్వపు ఆస్తి, అందులో వాటా ఉన్నవాడు దాయాది. కవి అడిగేదీ వాటానే.

—

దాయాది అనగానే తెలుగు చెవికి పగ వినిపిస్తుందండీ. ఆ కవితలో ఉన్నది నవ్వు.

నాకు అసలు ‘వంటిల్లు’ దగ్గరే చిక్కు. నేనుండేది అట్లాంటాలో. ఆఫీసులో పనిచేసే నల్లజాతి స్నేహితురాలు కొత్త సంవత్సరం రోజున వాళ్ళ అమ్మమ్మ ఇంటికి భోజనానికి పిలిచింది. అలసందలు, కొలార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. హాల్లో కూర్చోబోతుంటే ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని తిన్నగా పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళింది. గిన్నె మూత తీసి, గరిటెతో కాస్త గంబో, అంటే చిక్కటి పులుసు, నా అరచేతిలో వేసింది. బెండకాయ జిగురు, మిరియాల ఘాటు. ‘గంబో’ అన్న మాటే ఆఫ్రికా భాషల్లో బెండకాయ పేరు నుంచి వచ్చిందంటారు. అమెరికా దక్షిణాది పెద్దిళ్ళలో వండిన చేతులు చాలావరకు నల్లజాతివాళ్ళవే. కాబట్టి కవిని పంపింది తనవాళ్ళ వంట దగ్గరికే. ‘బాగా తింటాను’ అన్న మాటలో ఆ రుచి కూడా ఉంది.

—

ఎంత బాగా చెప్పారు మేడమ్! కానీ తెలుగులో ‘వంటింట్లోకి పంపారు’ అంటే దగ్గరివాణ్ణి చేసుకున్నట్టు వినిపిస్తుంది. మన దగ్గర వెలివేసినవాడికి వంటిల్లు కాదు, గడప కూడా దక్కలేదు. జాషువా చెప్పింది అదే. 1941లో ‘గబ్బిలం’ రాస్తూ సందేశం మోయడానికి ఆ జీవినే ఎందుకు ఎంచుకున్నాడు? కథానాయకుడు పోలేని గుడిలోకి అది ఎగిరి పోగలదు కాబట్టి. కాళిదాసు మేఘం స్థానంలో జాషువా గబ్బిలాన్ని పెట్టాడు. అమెరికా పాడుతోందని అక్కడి కవి విట్మన్ 1860లో రాస్తే, ఆ పాటలో వినపడని తన గొంతును హ్యూస్ కలిపాడు. ఇద్దరూ పెద్దకవి పీట మీదే కూర్చుని మాట్లాడారు.

—

హ్యూస్ ఆ కవిత రాసింది 1924లో, ఇటలీలోని జెనోవా రేవులో. చేతిలో పాస్‌పోర్టు లేదు. తెల్ల నావికులకు ఓడల్లో పని దొరుకుతోంది, అతనికి దొరకడం లేదు. ఇంటికి రాలేక ఇంటి గురించి రాశాడు. అందుకే నాకు ‘అన్న’ వినిపిస్తుంది. మా వరంగల్‌లో చిన్నవాణ్ణి కూడా గౌరవంగా ‘అన్నా’ అంటాం.

—

‘నల్ల’ అన్నదే నాకు చాలడం లేదు. మూలంలో ‘డార్కర్’, అంటే ‘నీకన్నా నల్లని’. ఆ ‘కన్నా’ లేకపోతే ఎదురుగా తెల్ల అన్నో తమ్ముడో నిలబడి ఉన్నాడని తెలియదు.

—

అడిగినవారికి ఒక మాట. బాల్‌పెన్నుతో రాసి ఉంటే అట్ట కింది కాగితం మీద అచ్చు దిగి ఉంటుంది. దీపం దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి.