పశువైద్య శిబిరం నచ్చింది, మాతృసంస్థ మీద వివాదాలున్నాయి. వెళ్లవచ్చా?

ప్రశ్న: పశువైద్య విద్యార్థిని

అందరికీ నమస్కారం. పశువైద్య కోర్సు చివరి దశలో ఉన్నాను. సెలవుల్లో ఒక ఉచిత శిబిరంలో స్వచ్ఛందంగా పనిచేసే అవకాశం వచ్చింది. వైద్యులు అందుబాటులో లేని ఊళ్లకు వెళ్లి కుక్కలకు, పిల్లులకు సంతాన నిరోధక ఆపరేషన్లు చేయడం, రేబిస్ టీకాలు వేయడం, గజ్జికీ కడుపులో పురుగులకూ మందులివ్వడం అక్కడి పని. పర్యవేక్షణలో మాచేత కూడా ఆపరేషన్లు చేయిస్తారట. కళాశాలలో గుంపుగా నిలబడి చూడటమే ఎక్కువ, కత్తి చేతికి వచ్చేది తక్కువ. అందుకే ఆశ పుట్టింది.

ఇబ్బంది ఏమిటంటే, ఆ శిబిరాలు నడిపే విభాగం ఒక పెద్ద జంతు సంక్షేమ సంస్థ కిందిది. పాడి, కోళ్ల పరిశ్రమలకు వ్యతిరేకంగా ఆ సంస్థ గట్టిగా ప్రచారం చేస్తుంది. విరాళాల ఖర్చు మీదా విమర్శలున్నాయి. నేనేమో చదువయ్యాక పాడి పశువుల వైద్యంలోనే స్థిరపడాలనుకుంటున్నాను. "ఆ పేరు నీ వివరాల్లో కనిపిస్తే రైతులు నిన్ను గడప తొక్కనివ్వరు" అని మా ఆచార్యులొకరు హెచ్చరించారు. అక్కడికి వెళ్లివచ్చిన సీనియర్ మాత్రం "అంత పని మరెక్కడా నేర్చుకోలేదు" అంటోంది. ఇద్దరి మీదా నాకు గౌరవమే. ఏది ఆధారంగా నిర్ణయించుకోవాలో చెప్పగలరా?

సమాధానం: శిబిరాల్లో పనిచేసిన పశువైద్యురాలు

అమ్మా, పెద్ద సంస్థల్లో వివాదం లేనిది దొరకడం కష్టం. ఆ వివాదం ఆపరేషన్ బల్లకు ఎంత దగ్గరగా ఉందో ముందు చూడండి. రెండు ఉదాహరణలు చెబుతాను, తేడా మీకే తెలుస్తుంది.

అమెరికాలో రూరల్ ఏరియా వెటర్నరీ సర్వీసెస్ అనే కార్యక్రమం ఉంది. ఆదివాసీ తెగలకు కేటాయించిన ప్రాంతాల్లో (వాటిని అక్కడ రిజర్వేషన్లంటారు) ఉచిత శిబిరాలు పెట్టి, పశువైద్య విద్యార్థులను స్వచ్ఛంద సేవకులుగా తీసుకోవడంతో దానికి పేరు వచ్చింది. 2008లో ఏర్పడిన హ్యూమేన్ సొసైటీ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ దాన్ని నడిపింది. వాటి మాతృసంస్థ హ్యూమేన్ సొసైటీ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్. 2025లో హ్యూమేన్ వరల్డ్ ఫర్ యానిమల్స్ అని పేరు మార్చుకుంది. ఆ మాతృసంస్థ చుట్టూ వివాదాలకు కొదవ లేదు. ఏనుగుల విషయమై నడిచిన కేసుల చివర, 2014లో అదీ మరికొన్ని సంస్థలూ కలిసి రింగ్లింగ్ సర్కస్ యజమాని అయిన ఫెల్డ్ ఎంటర్‌టైన్‌మెంట్‌కు 1.575 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడ్డాయి. 2018లో లైంగిక వేధింపుల ఆరోపణల నడుమ దాని అధ్యక్షుడు రాజీనామా చేశారు, ఆరోపణలను ఆయన ఖండించారు. అదే సంవత్సరం కాలిఫోర్నియాలో కోళ్లను, పందులను, దూడలను ఇరుకు గదుల్లో పెంచడాన్ని కట్టడి చేసే ప్రతిపాదన 12 ఓటింగుకు వచ్చినప్పుడు దాని పక్షాన గట్టిగా నిలబడింది. ఓటర్ల ఆమోదంతో అది చట్టమయ్యాక పంది మాంసం ఉత్పత్తిదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2023లో కోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది.

ఇవన్నీ తీవ్రమైన విషయాలే. కానీ ఇవేవీ శిబిరంలో కుక్కకు అందే వైద్యం గురించినవి కావు.

ఇప్పుడు రెండోది చూడండి. 2014లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో పెటా అనే జంతు హక్కుల సంస్థ సిబ్బంది ఒక ఇంటి వసారాలో ఉన్న మాయా అనే చివావా కుక్కను తీసుకువెళ్లి, అదే రోజు ప్రాణం తీశారు. చట్టం ప్రకారం అలా పట్టిన జంతువును ఐదు రోజులు ఉంచాలి. ఆ కుటుంబం వేసిన కేసు 2017లో 49,000 డాలర్ల పరిహారంతో ముగిసింది. ఇక్కడ తప్పు జరిగింది ప్రచార విభాగంలో కాదు, ఊళ్లో తిరిగే వాహనంలో, జంతువును చేత్తో పట్టుకున్న మనుషుల దగ్గర. ఇలాంటి వివాదమైతే అది నేరుగా స్వచ్ఛంద సేవకులకు చుట్టుకుంటుంది. మీ చేతుల మీదుగానే జరగవచ్చు.

మీరు వెళ్లాలనుకుంటున్న సంస్థ మీద వచ్చిన విమర్శలను ఈ కొలతతో చూడండి. విమర్శించేవారు ఎవరన్నదీ ముఖ్యమే. పైన చెప్పిన హ్యూమేన్ సొసైటీ మీద హ్యూమేన్‌వాచ్ పేరుతో సంవత్సరాలుగా విమర్శలు ప్రచురించినది సెంటర్ ఫర్ కన్స్యూమర్ ఫ్రీడమ్. ఆహార, హోటల్ పరిశ్రమల డబ్బుతో నడిచే సంస్థ అది. అంతమాత్రాన వాళ్లు చెప్పేదంతా అబద్ధమని కాదు. వాళ్లు చూపించిన లెక్కను సంస్థ పన్ను పత్రాలతో మీరే సరిపోల్చుకోవాలి. సంస్థ సొంత కరపత్రాన్నీ అదే అనుమానంతో చదవాలి.

ఇక అసలు సంగతి, వైద్యం. ఇక్కడ మాత్రం మొహమాటం వద్దు. దరఖాస్తు పంపే ముందే ఉత్తరం రాసి అడగండి: ప్రతి జంతువుకూ విడిగా శుభ్రపరచిన పరికరాల పెట్టె వాడతారా, లేక ఒకే పెట్టెను మందు నీళ్లలో ముంచి నాలుగింటికి వాడతారా? మత్తుకు ముందు గుండె, ఊపిరితిత్తులు పరీక్షిస్తారా? నొప్పి తగ్గించే మందు ఆపరేషన్‌కు ముందే ఇస్తారా? శ్వాసనాళంలో గొట్టం వేస్తారా, ప్రాణవాయువు సిలిండరు ఉంటుందా? విద్యార్థి పక్కన చేతులు కడుక్కొని సిద్ధంగా నిలబడే వైద్యులు ఎందరు? అసోసియేషన్ ఆఫ్ షెల్టర్ వెటెరినేరియన్స్ ఈ తరహా ఆపరేషన్ల కోసం 2008లో మార్గదర్శకాలు ప్రచురించి, 2016లో సవరించింది. శిబిరం పెద్దలకు వాటి ఊసే తెలియకపోతే అక్కడికక్కడే ఆగిపోండి.

అన్నిటికంటే ఎక్కువగా, ఆపరేషన్ అయ్యాక జంతువులు మత్తు నుంచి తేరుకునే చోటు గురించి అడగండి. బ్రిటన్‌లో జరిపి 2008లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో మత్తు సంబంధిత మరణాలు కుక్కల్లో సుమారు 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం. వాటిలో చాలా భాగం ఆపరేషన్ అయ్యాక, అందులోనూ మొదటి మూడు గంటల్లోనే జరిగాయి. శిబిరంలో రద్దీ పెరిగినప్పుడు మనుషుల్ని మొదట లాగేసేది అక్కడినుంచే. మంచి శిబిరంలో దుప్పటి మీద పడుకోబెట్టిన ప్రతి కుక్క పక్కనా ఒక మనిషి కూర్చుని ఉంటారు. చిగుళ్ల రంగు చూస్తూ, ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెడుతూ, ఒళ్లు చల్లబడకుండా వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెడుతూ ఉంటారు. కుక్క గుటక వేసిందాకా గొంతులోని గొట్టం తీయరు. పొట్ట మీద లేచి కూర్చుందాకా పక్కనుంచి కదలరు. కొత్తగా వచ్చినవారికి ఈ పని చిన్నతనంగా అనిపిస్తుంది. నా దృష్టిలో శిబిరం నిజాయితీ బయటపడేది ఇక్కడే. ప్రాణాలు దక్కేదీ ఇక్కడే.

మరణాల లెక్క రాస్తారా అనీ అడగండి. "మా దగ్గర ఒక్కటీ చనిపోలేదు" అనేవాళ్ల కంటే, ఎన్ని పోయాయో, ఎందుకు పోయాయో పుస్తకం తీసి చూపించేవాళ్లను నేను నమ్ముతాను.

సమాధానం: పాడి క్షేత్రాలకు వైద్య సేవలందించే పశువైద్యుడు

ఉద్యోగాల సంగతి నేను చెబుతాను. మీ ఆచార్యుల భయానికి ఆధారం ఉంది. ఆ సంస్థ పేరు వినగానే ముఖం చిట్లించే రైతులు నాకు తెలుసు. వారి కోపానికి కారణాలూ ఉన్నాయి, తమ బతుకుతెరువునే క్రూరత్వమని ఎవరైనా అంటే బాధ కలగదా? కానీ కొత్త వైద్యులను తీసుకునేటప్పుడు నేను చూసేది వేరు. ఈతకు కష్టపడుతున్న ఆవు దగ్గర చేతులు వణుకుతాయా? తెలియనిదాన్ని తెలియదని చెబుతారా? శిబిరంలో వరుసగా కుట్లు వేసిన చేతికి వచ్చే నిబ్బరం పశువుల కొట్టంలో కూడా పనికొస్తుంది.

దాచవద్దు. వివరాల్లో మాతృసంస్థ పేరు పెద్దక్షరాల్లో పెట్టనక్కరలేదు, శిబిరం పేరు, చేసిన పని రాయండి. ఎవరైనా అడిగితే "వైద్యం కోసం వెళ్లాను, ఆ సంస్థ పాడి విధానంతో నాకు పూర్తి ఏకీభావం లేదు" అని సూటిగా చెప్పండి. ఒకవేళ ఏకీభావం ఉంటే అదీ చెప్పండి. తరువాత బయటపడితే రైతుకు కలిగే అపనమ్మకం పోవడానికి చాలా కాలం పడుతుంది.

సమాధానం: స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూసే సభ్యుడు

మీరు జీతం లేకుండా చేసే పనికీ విలువ ఉంది. మీరు చేసిన ఆపరేషన్లు వాళ్ల వార్షిక నివేదికలో అంకెలవుతాయి, మీ ఫొటో విరాళాల విజ్ఞప్తిలో వస్తుంది. ఆ విజ్ఞప్తితో వచ్చిన డబ్బు శిబిరానికే కేటాయిస్తారా, లేక మాతృసంస్థ సాధారణ నిధిలో కలుస్తుందా? సాధారణ నిధిలో కలిస్తే, మీకు నచ్చని ప్రచారానికి కూడా మీ ముఖం తోడ్పడినట్టే. ఇది తప్పని నేననను, తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు. సంతకం పెట్టించుకునే పత్రంలో ఫొటోల వాడకం గురించి, సంస్థ మీద బయట మాట్లాడకూడదన్న షరతు గురించి తప్పకుండా చదవండి. రెండోది ఉంటే నేనైతే వెళ్లను. కళ్లెదుట జంతువుకు అన్యాయం జరిగినా నోరు మూసుకోవలసిన చోట వైద్యుడికి పనేమిటి?

తిరిగి ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే ఉత్తరం రాశాను. శిబిరం బాధ్యత చూసే డాక్టరు గారు స్వయంగా జవాబిచ్చారు. ప్రతి జంతువుకూ విడి పెట్టె, ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో పరికరాలను శుద్ధి చేసే యంత్రం) వాడకం, నొప్పి మందుల పట్టిక అన్నీ పంపారు. మరణాల పుస్తకాన్ని నేను అక్కడికి వెళ్లినప్పుడు చూడవచ్చన్నారు. మొదటి రోజంతా కొత్తవాళ్లను తేరుకునే చోటే కూర్చోబెడతారట. మౌనంగా ఉండాలన్న షరతు లేదు. ఫొటోలు మాత్రం "సంస్థ, దాని అనుబంధ సంస్థలు ఏ అవసరానికైనా" వాడుకోవచ్చని పత్రంలో ఉంది. విరాళాలు సాధారణ నిధిలోకే వెళతాయట. ఇంకో సందేహం, శిబిరం వెళ్లిపోయాక కుట్లు విడితే ఆ ఊరివాళ్లు ఎవరిని అడగాలి? దీనికి సరైన జవాబు రాలేదు.

సమాధానం: శిబిరాల్లో పనిచేసిన పశువైద్యురాలు

మీరు అడిగిన చివరి ప్రశ్నే అన్నిటికంటే గట్టిది. దాన్ని వదలకండి. దగ్గరలోని ఏ వైద్యుడితో ఒప్పందం ఉంది, ఖర్చు ఎవరు భరిస్తారు, యజమాని చేతికి ఇచ్చే కాగితం మీద పనిచేసే ఫోను నంబరు ఉంటుందా, ఆ కాగితం వాళ్లు చదవగలిగే భాషలోనే ఉంటుందా అని మళ్లీ రాయండి. దీనికి స్పష్టమైన జవాబు వస్తే వెళ్లండి. రాకపోతే ఎంత మంచి పరికరాలున్నా వెళ్లవద్దనే అంటాను. కడుపు కోసి వెళ్లిపోయి, చీము పట్టాక పలకకపోతే ఆ ఊరివాళ్లు ఇంకెప్పుడూ తమ కుక్కను ఏ వైద్యుడి దగ్గరకూ తీసుకురారు.

ఫొటోల షరతు మీద ఆ వాక్యం కొట్టివేసి, "శిబిర కార్యక్రమ ప్రచారానికి మాత్రమే" అని రాసి, పక్కన సంతకం చేసి పంపండి. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఫొటోలు వద్దని చెప్పే హక్కు అడగండి.

వెళ్లేది ఖాయమైతే రేబిస్ ముందస్తు టీకా సంగతి ఈ వారమే చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచన ప్రకారం రెండు మోతాదులు, మొదటి రోజున ఒకటి, సరిగ్గా వారం తరువాత మరొకటి. టీకా వేయించుకున్నా కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి, డాక్టరు దగ్గరకు వెళ్లి కాటు తరువాత ఇచ్చే మోతాదులూ వేయించుకోవాలి. ఆ టీకాల ఖర్చు, కాటు పడితే చికిత్స ఖర్చు సంస్థ భరిస్తుందో లేదో కూడా ఈసారి రాసే ఉత్తరంలోనే అడిగేయండి.