అప్‌డేట్: కారు లేకుండా అమ్మానాన్నలతో మోజెల్ లోయ

కారు లేకుండా జర్మనీలో మోజెల్ నది ఒడ్డు ద్రాక్షతోటలు అమ్మానాన్నలకు చూపించగలనా అని ఆగస్టులో అడిగాను. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

కోఖెమ్‌లో బస చేయమన్న మాటే పనికొచ్చింది. కోబ్లెంజ్–ట్రియర్ రైలు అక్కడ ఆగుతుంది. బెర్న్‌కాస్టెల్-క్యూస్‌కు మాత్రం రైలు లేదు. బుల్లై దాటిన కాసేపటికి పట్టాలు నదిని వదిలేస్తాయి, విట్లిష్‌లో దిగి బస్సెక్కాలి. నెలరోజులు టెన్షన్ పెట్టిన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అవసరమే రాలేదు.

అక్టోబరు కాబట్టి ఇంకా ద్రాక్ష కోస్తున్నారు. నిలబడటమే కష్టమైన ఆ ఏటవాలులో, తీగల కింద పరిచినట్టున్న నల్ల పలకరాయి ముక్కనొకటి నాన్న చేతిలోకి తీసుకున్నారు. సాయంత్రమైనా వెచ్చగానే ఉంది. అంత చలిప్రాంతంలో రీస్లింగ్ అనే తెల్ల వైన్ ద్రాక్ష పండటానికి ఆ వేడి కూడా ఒక కారణం. అమ్మ వైన్ ముట్టదు. ‘ట్రౌబెన్‌జాఫ్ట్’ అని అడిగితే ద్రాక్షరసం ఇచ్చారు, రెండో గ్లాసు తనే అడిగింది.