చదువుతున్న పదంలో అక్షరం మాయమైతే: ఆరాతో వచ్చే మైగ్రేన్

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను అచ్చుప్రతులు దిద్దే పని చేస్తాను. ఏడు నెలల క్రితం ఒకరోజు, చదువుతున్న పదంలో ఒత్తు ఉండి దాని మీది అక్షరం లేకపోవడం చూసి, అచ్చుతప్పే అనుకుని దిద్దబోయాను. తర్వాతి పంక్తిలోనూ నేను చూసిన చోట అక్షరం లేదు. కాసేపటికి ఆ ఖాళీ పక్కన చిన్న మెరుపు పుట్టి, రంపపు పళ్ళలాంటి అంచుతో నెలవంకలా వంగి, మినుకుమినుకుమంటూ పెరిగి, సుమారు ఇరవై అయిదు నిమిషాల్లో చూపు అంచుకు జరిగి మాయమైంది. మరో అరగంట తిరగకుండానే తలలో ఒకవైపు పోటు మొదలై, వాంతులై, వెలుతురు గాని చప్పుడు గాని భరించలేక మర్నాటిదాకా చీకటి గదిలో పడుకోవలసి వచ్చింది. దానితో కలిపి ఇప్పటికి నాలుగుసార్లు ఇలా జరిగింది. కంటి డాక్టరు కళ్ళలో దోషమేమీ లేదన్నారు. నరాల డాక్టరు పరీక్షించి, ఇది ఆరాతో కూడిన మైగ్రేన్ అని, తలనొప్పికి ముందు ఇలా చూపులో మెరుపులూ ఖాళీలూ కనబడడాన్నే ఆరా అంటారని చెప్పి మాత్రలు రాశారు.

వారి మాట మీద నాకు అనుమానం లేదు. కానీ కళ్ళు బాగున్నప్పుడు ఈ గీతలు ఎక్కడినుంచి వస్తున్నాయో అర్థం కావడం లేదు. మాత్ర గీతలు కనబడగానే వేసుకోవాలా, నొప్పి మొదలయ్యాక వేసుకోవాలా అని అడగడమూ మరిచాను. నిజానికి నొప్పికన్నా, అది ఎప్పుడు వచ్చి పడుతుందోనన్న భయమే నన్ను ఎక్కువగా పీడిస్తోంది. ఏ పేజీ చదువుతున్నా మధ్యమధ్య ఆగి, అక్షరాలన్నీ ఉన్నాయా అని చూసుకుంటున్నాను. ఏళ్ళ తరబడి దీనితో ఉన్నవారు ఎలా నెట్టుకొస్తున్నారో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

నాకు ఇది పంతొమ్మిదేళ్ళుగా ఉంది. ఈసారి గీతలు వచ్చినప్పుడు రెండు కళ్ళూ మూసి చూడండి. చీకట్లోనూ అవి మెరుస్తూనే ఉంటాయి. తర్వాత ఒక్కొక్క కన్నే మూసి చూస్తే, రెండు కళ్ళకూ అవి ఒకే పక్కన కనబడుతున్నాయని తెలుస్తుంది. కన్ను పంపినదాన్ని దృశ్యంగా కూర్చేది తల వెనుక భాగంలో ఉండే మెదడు పొర. గోలంతా అక్కడిదే, కళ్ళు నిరపరాధులు. ఆ పొరలో నాడీకణాలు ఒక్కసారిగా ఉద్రేకించి, ఆ వెంటనే మందగించే ఒక అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతుంది. ఉద్రేకించిన చోటు మనకు మెరుపుగానూ, దాని వెనుక మందగించిన చోటు ఖాళీగానూ తోస్తుంది. ఇలాంటి అలను 1944లో లియావో అనే బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు కుందేళ్ళ మెదడులో గమనించారు. అంతకు మూడేళ్ళ ముందే, 1941లో, అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లాష్లీ తనకు వచ్చే ఆరా ఎంత వేగంగా పెరుగుతోందో కాగితం మీద గుర్తులు పెట్టుకుని, మెదడులో జరుగుతున్నదేదో నిమిషానికి 3 మిల్లీమీటర్లు కదులుతూ ఉండాలని లెక్క కట్టారు. తన జబ్బును తానే కొలుచుకున్న ఆ మనిషంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

ఆయన సంగతి తెలిశాకనే నేనూ ఆరా వచ్చినప్పుడల్లా అయిదు నిమిషాలకొక బొమ్మ గీసి, పక్కన సమయం రాయడం మొదలుపెట్టాను. కొన్నిసార్లు గీశాక, నా ఆరా ఎప్పుడూ ఒకే దారిన పోతుందని, అరగంట దాటదని తేలింది. భయం పూర్తిగా పోలేదు గాని, దానికి ఒక గడువు ఏర్పడింది. ఆ అరగంటా పని ఆపేస్తాను. బండి నడుపుతూ ఉంటే పక్కకు తీసి ఆపుతాను. పనిచేసే చోట ఒకరికి ముందే చెప్పి ఉంచాను. నిద్రకూ భోజనానికీ వేళ తప్పనివ్వను. ఫలానా తిండి వల్లనే వచ్చిందని నిందించడంలో మాత్రం తొందరపడకండి. నొప్పికి ముందురోజునే కొందరికి ఆవలింతలు, తీపి మీద యావ, వెలుతురు పడకపోవడం మొదలవుతాయి కనుక, మనం కారణమనుకున్న మిఠాయి అప్పటికే మొదలైన జబ్బుకు గుర్తు మాత్రమే కావచ్చు.

రెండవ జవాబు

నేను ఫార్మసిస్టును, ఈ నొప్పి పడేదాన్ని కూడా. సుమట్రిప్టాన్, రిజట్రిప్టాన్ వంటి మాత్రలను సాధారణంగా గీతలప్పుడు కాక, నొప్పి మొదలవుతుండగా, అది ముదరకముందే వేసుకోమంటారు. నొప్పి సమయంలో కడుపు మందగించి మాత్ర ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది కనుక, వాంతిని ఆపే మందు కూడా తరచుగా జతచేస్తారు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారికి ఈ ట్రిప్టాన్లు పనికిరావు. నెలకు 10 రోజులు ట్రిప్టాన్లను గాని, 15 రోజులు మామూలు నొప్పి మాత్రలను గాని నెలల తరబడి వాడితే మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. అంత తరచుగా అవసరమయ్యేవారికి ప్రొప్రనొలాల్, టొపిరమేట్ వంటి నివారణ మందులున్నాయి. మీకు వాటి అవసరం ఇప్పట్లో రాకపోవచ్చు.

స్త్రీలు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆరా ఉన్నవారు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడితే మెదడులో రక్తనాళం మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది, పొగతాగే అలవాటుంటే మరీను. ఆ మాత్రల చీటీతో వచ్చినవారిని అడిగితే, గీతల సంగతి కళ్ళకు సంబంధించినదనుకుని డాక్టరుకు చెప్పనే లేదని కొందరు అంటారు.

మూడవ జవాబు

పైవారు చెప్పినది నిజమే, కానీ ప్రతి మెరుపూ ఆరా కాదు. నాకు ఆరా ఉంది గనుకనే, పోయిన ఏడాది కుడికంట్లో మెరుపులు, నల్లటి చుక్కలు కనిపిస్తే పాత చుట్టమే వచ్చిందనుకుని రెండు రోజులు ఊరుకున్నాను. అవి ఒక్క కంట్లోనే ఉన్నాయని, గంటలు గడిచినా పోలేదని పట్టించుకోలేదు. మూడవ రోజు ఒక మూలనుంచి తెర దిగినట్లయింది. కంటి వెనుక ఉండే రెటీనా అనే పొర ఊడిందని చెప్పి ఆపరేషన్ చేశారు. ఒక్క కంట్లోనే వచ్చినా, గంట దాటినా, మెల్లగా పాకకుండా చూపు ఒక్కసారిగా పోయినా, కాలూ చేయీ బలహీనపడినా, యాభై దాటాక మొదటిసారి కనిపించినా, మనకు మనమే సర్దిచెప్పుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అయిదవసారి వచ్చింది. కళ్ళు మూసుకున్నా గీత పోలేదు సరికదా, ఇంకా స్పష్టంగా కనిపించింది. రెండు కళ్ళకూ ఎడమపక్కనే. నాలుగు బొమ్మలు గీశాను. మూడవది గీస్తున్నప్పుడు కాగితంలో ఎడమ సగం కనబడక, పెన్సిలు అంచు దాటి బల్ల మీదికి పోయింది. మొత్తం 24 నిమిషాలు. నొప్పి మొదలవుతుండగా మాత్ర వేసుకున్నాను, ఈసారి వాంతి కాలేదు. బొమ్మలు డాక్టరుకు చూపించడానికి దాచాను. బల్ల మీది గీత ఇంకా తుడవలేదు.